వేడినీళ్ళ ఖర్చు ఎవరి ఖాతాలో రాద్దాం?

2023 డిసెంబరు మొదటి వారంలో జుక్కల్ మండలంలోని మా తమ్ముడింట్లో గీజరు చెడిపోయింది. కాయిల్ కాలిపోవడం కాదు, లోపలి ట్యాంకుకే చిల్లుపడి అడుగు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఏడేళ్ళ నాటి గీజరు. బోరు నీళ్ళు సున్నంలా పేరుకునే ఊళ్ళో ఏడేళ్ళు పని చేయడమే ఎక్కువ. కొత్తది వచ్చి గోడకెక్కేసరికి జనవరి మూడోవారమైంది. మొత్తం 47 రోజులు. ఆ 47 రోజుల్లో ఆ ఇంట్లో ఒక్కరి స్నానం కూడా ఆగలేదు. మామూలు వేళకే అందరికీ వేడినీళ్ళు అందాయి. పిల్లలు బడికి వేళకు వెళ్ళారు. తమ్ముడు పొలానికి వేళకు వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకు రెండు పూటలా కాగిన నీళ్ళు దొరికాయి. గీజరు పని ఆగలేదు. ఆ పని చేసేది మాత్రం మారింది. గోడకున్న యంత్రం స్థానంలోకి మా మరదలు వచ్చింది.

సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద మసిబారిన పెద్ద సత్తు గంజు, పక్కన కందికట్టె, పత్తికట్టె కుప్ప. “ఇంకా కొనలేదా?” అని తమ్ముణ్ణి అడిగితే, “ఏమైతదక్కా నాలుగు రోజులు పొయ్యిమీద కాగబెడితే? అమ్మ బతుకంతా కాగబెట్టలేదా?” అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. మా తమ్ముడు చెడ్డవాడు కాదు. భార్యను కొట్టడు, తాగడు. అందుకే ఆ మాట గురించి ఆలోచించాల్సి వస్తోంది. చెడ్డవాళ్ళ గురించి మనం చాలా రాశాం. మంచివాళ్ళ ఇళ్ళలో స్త్రీల శ్రమ ఎలా కనిపించకుండా పోతుందో చెప్పడమే కష్టం.

హక్కుల గురించి మాట్లాడే పత్రికలో గీజరు గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కూలిరేట్లు, భూమి, తాగునీరు, అత్యాచారాలు, ఇన్ని సమస్యలుండగా స్నానం నీళ్ళ గొడవ మధ్యతరగతి గొడవ కదా అని కూడా అనవచ్చు. ఆ అభ్యంతరానికి తర్వాత వస్తాను. ముందు ఈ 47 రోజుల లెక్క చూద్దాం.

ఏ యంత్రం ఎంత త్వరగా బాగవుతుంది?

అదే డిసెంబరులో పొలంలో బోరు మోటరు కూడా కాలిపోయింది. అది కాలిన రెండో రోజుకే రీవైండింగ్ చేయించి దించారు. చేతిలో డబ్బు లేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు తెచ్చారు. మోటరు ఆగితే పంట ఎండుతుంది కాబట్టి తొందరపడ్డారు, అందులో తప్పేమీ లేదు. కానీ గీజరు ఆగితే ఏం ఎండుతుంది? ఏదీ ఎండదు. ఆ లోటును పూడ్చడానికి ఇంట్లో ఒక మనిషి ఉంది. ఆ మనిషి కూలి అడగదు. మరమ్మతు వాయిదా వేయడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. అందుకే అది వాయిదా పడుతుంది. మా మరదలే ఈ మాటను నాకంటే సూటిగా చెప్పింది: “గీజరు పాడైంది గానీ ఎవ్వరి తానం ఆగలేదు గద వదినా. ఇంక తొందర ఎవరికి?”

అక్కడున్న మూడు రోజులూ నేను ఆమె పక్కనే ఉండి గడియారం చూశాను. తెల్లవారి నాలుగున్నరకు లేవడం, రాత్రి మంచుకు తడిసిన కట్టెను ఊది మంట పెట్టడం, గంజు నింపడం, కాగిన నీళ్ళు బకెట్లలో తోడి బాత్రూం దాకా మోయడం, మళ్ళీ నింపడం, సాయంత్రం అమ్మ కోసం మరోసారి, బూడిద ఎత్తడం, వారానికి రెండుసార్లు మసిగంజు తోమడం, పొలం నుంచి కట్టె మోపు తేవడం. సగటున రోజుకు రెండు గంటలు. 47 రోజులకు 94 గంటలు. ఎనిమిది గంటల పనిదినంగా లెక్కిస్తే దాదాపు 12 రోజుల పని. 2023-24లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినసరి వేతనం 272 రూపాయలు. ఆ లెక్కన చూసినా సుమారు 3,200 రూపాయల శ్రమ. ఉపాధి హామీ రేటు కట్టడమే తక్కువ, ఎందుకంటే చీకట్లో లేచి పొగలో కూర్చునే పనికి ఏ కూలీ ఆ రేటుకు రాదు.

కొత్త గీజరుకు, 15 లీటర్లది, 8,400 అయింది. పాత వైరు పనికిరాదన్నారు. కొత్త వైరు, 16 యాంపుల సాకెట్, ఎంసీబీ, ఎర్తుకు కలిపి 2,900. పైపులు, బిగింపు 1,100. మొత్తం 12,400. పాత ట్యాంకు తుక్కుకు 450 వచ్చింది. ఇది మా తమ్ముడు చెప్పే లెక్క. “పన్నెండు వేలు పోసిన” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఇందులో ఆ 3,200 లేవు. ఖర్చు అంటే మగవాడి జేబులోంచి బయటికి వెళ్ళేది మాత్రమే. స్త్రీ ఒంట్లోంచి వెళ్ళేదాన్ని ఖర్చు అనరు, ‘ఇంటిపని’ అంటారు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే స్త్రీలకు 289 నిమిషాలు, పురుషులకు 88 నిమిషాలు వచ్చింది. ఈ అయిదేళ్ళలో ఎన్నో ఇళ్ళకు గ్యాసు వచ్చింది, నల్లాలు వచ్చాయి. స్త్రీల పనిలో తగ్గింది పది నిమిషాలు. పురుషులకూ దాదాపు అంతే తగ్గింది. యంత్రాలు వస్తే స్త్రీల చాకిరీ దానంతటదే తగ్గిపోతుందని నమ్మేవాళ్ళు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

అమ్మ తెచ్చుకున్న రాగి బంబు

ఈ లెక్కలో ఇంకో అంకె కూడా తప్పిపోయింది. దాని కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జుక్కల్ మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న ప్రాంతం. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఒకవైపు మహారాష్ట్రలోని దెగ్లూరు, ఇంకోవైపు కర్ణాటకలోని బీదర్ ప్రాంతం. పెళ్ళి సంబంధాలు హద్దులు దాటి జరుగుతాయి. ఇళ్ళలో తెలుగుతోపాటు మరాఠీ, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. మా అమ్మ కన్నవారిది దెగ్లూరు వైపు. ఆమెతోపాటు సారె సామానులో ఒక రాగి బాయిలరు వచ్చింది. మధ్యలో నిప్పు గొట్టం, చుట్టూ నీళ్ళు, కింద బూడిద జాలీ, పక్కన ఇత్తడి నల్లా. మరాఠీలో దాన్ని బంబు అంటారు. మా ఇంట్లోనూ ఆ పేరే నిలిచింది. బహిరంగ పొయ్యితో పోలిస్తే దానికి కట్టె తక్కువ పడుతుంది, నీళ్ళు ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. ముప్పై ఏళ్ళకు పైగా అమ్మ దానితోనే ఇంటిల్లిపాదికీ, వచ్చిన చుట్టాలకూ, మా కాన్పులప్పుడు మాకూ నీళ్ళు కాచింది.

2016లో మొదటి గీజరు కొన్నప్పుడు ఆ బంబును తుక్కు కింద తూకానికి వేశారు. 11 కిలోలు తూగింది. వచ్చిన నాలుగు వేలు గీజరు ధరలో కలిశాయి. అప్పుడు నాతో సహా ఎవరమూ దాన్ని గురించి ఆలోచించలేదు. పాతది పోయి కొత్తది వచ్చిందని సంతోషపడ్డాం. ఈ సంక్రాంతికి పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ అంది: “అది మా అమ్మోళ్ళు పెట్టింది. అమ్ముతున్నమని నన్ను ఎవరడిగిన్రు?” ఏడేళ్ళుగా ఆ మాట ఆమె మనసులో ఉందని మాకు తెలియదు.

చట్టం ఏం చెబుతుందో మన సంఘాల్లో చాలామందికి తెలుసు. పెళ్ళిలో స్త్రీకి కన్నవారు ఇచ్చిన వస్తువులు ఆమె స్త్రీధనం. అవి అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన భర్తవి కావని, వాళ్ళు వాటికి కాపలాదారులు మాత్రమేనని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2005 గృహహింస నిరోధక చట్టం ఆర్థిక హింసను నిర్వచించేటప్పుడు స్త్రీధనాన్నీ, ఇంటి సామానునూ అమ్మేయడాన్నీ పేర్కొంది. స్త్రీధనమంటే మనకు బంగారమే గుర్తొస్తుంది. కట్నకానుకల జాబితా రాసేటప్పుడు కూడా తులాలు రాస్తాం, రాగి, ఇత్తడి పాత్రలు వదిలేస్తాం. కానీ పేద, మధ్యతరగతి ఇళ్ళలో స్త్రీ తనతో తెచ్చుకునే సొత్తులో ఎక్కువ భాగం పాత్రలే. అవి ఒక్కొక్కటే ‘పాతసామాను మార్పిడి’లో పోతాయి. మిక్సీ వచ్చినప్పుడు రోలు, స్టీలు వచ్చినప్పుడు ఇత్తడి, గీజరు వచ్చినప్పుడు బంబు. వాటి బదులు వచ్చిన కొత్త వస్తువు బిల్లు మాత్రం ఇంటి యజమాని పేరు మీదే ఉంటుంది.

దీని కోసం మా అమ్మ కొడుకుమీద కేసు పెట్టాలని నేను చెప్పడంలేదు. అమ్మే ముందు అడగాలి, అమ్మిన డబ్బు ఎవరిదో రాసిపెట్టాలి అంటున్నాను. అంతే.

గీజరు లేని ఇళ్ళు

ఇప్పుడు ముందే చెప్పిన అభ్యంతరానికి వస్తాను. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం ప్రాంతాల్లో కూలికి పోయే దళిత స్త్రీల ఇళ్ళలో గీజరు ఎక్కడుంది? నిజమే, చాలా ఇళ్ళలో లేదు. అందుకే ఇది వాళ్ళ సమస్య కాకుండా పోతుందా? మా మరదలు 47 రోజులు చేసిన పనిని వాళ్ళు ఏటా చలికాలమంతా చేస్తారు, కూలికి వెళ్ళేముందు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే ఆటో వస్తుంది. ఆటో వచ్చేలోగా వంట, నీళ్ళు రెండూ కావాలి. సొంత పొలం ఉన్నవాళ్ళకు కట్టె పొలంలో దొరుకుతుంది. లేనివాళ్ళు ఇంకొకరి చేలో పత్తికట్టె పీకి, దానికి ప్రతిఫలంగా కట్టె తెచ్చుకోవాలి, లేదా ఒకరిని బతిమాలుకోవాలి. వేడినీళ్ళు సుఖం కోసమే అని అనేవాళ్ళు ఒక బాలింతను, ఒక ముసలిదాన్ని, రోజంతా మందు కొట్టిన చేలో వంగి పని చేసి వచ్చిన కూలీని అడిగి చూడాలి.

గ్యాసు ఇచ్చాం కదా, పొగ పోయింది కదా అని ప్రభుత్వాలు అంటాయి. 1999లో మన ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, డ్వాక్రా సంఘాల స్త్రీలకు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు పథకం మొదలైంది. ఇవన్నీ మంచివే. కానీ ఈ పథకాలన్నీ వంటను దృష్టిలో పెట్టుకున్నవే. నీళ్ళ లెక్క ఎవరూ వేయలేదు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్, అంటే 20 లీటర్లు, చలికాలంలో 20 డిగ్రీలు వేడెక్కించాలంటే నెలకు దాదాపు 9 కిలోల గ్యాసు కావాలి. సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అంటే ఒక్క స్నానాల నీళ్ళకే సిలిండరులో మూడింట రెండు వంతులకు దగ్గరగా పోతుంది. మిగిలిన దానితో నెలంతా వండగలమా? అందుకే ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నా పెరట్లో కట్టెల పొయ్యి పోదు. వంటింట్లోంచి పొగ పెరట్లోకి జరిగింది, పీల్చే మనిషి మాత్రం మారలేదు. ఇళ్ళలోని పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక కరెంటు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్‌కార్డున్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు లేకుండా చేశారు. పైన చెప్పిన అయిదు బకెట్ల నీళ్ళకు నెలకు 70 నుంచి 75 యూనిట్లు పడుతుంది. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు, టీవీ కలిపినా చలికాలంలో చాలా ఇళ్ళు 200 దాటవు. కాబట్టి పేద ఇళ్ళలో కూడా కరెంటుతో నీళ్ళు కాచుకునే వీలు మొదటిసారి వచ్చింది. ఈ విషయాన్ని మన సంఘాలు గుర్తించాలి.

కానీ ఆ ఇళ్ళకు వచ్చింది గీజరు కాదు, రాడ్డు. కొన్ని వందల రూపాయలకు దొరికే హీటరు రాడ్డు బకెట్లో వేసి ప్లగ్గు పెడతారు. చాలా పాత ఇళ్ళలో ఎర్తు లేదు, రెండు కాళ్ళ ప్లగ్గే ఉంటుంది. నీళ్ళు కాగాయా లేదా అని చెయ్యి పెట్టి చూసేదెవరు? రాడ్డు తీసి ఇంకో బకెట్లోకి మార్చేదెవరు? తడికాళ్ళతో, తడిచేతులతో, చీకట్లో ఆ పని చేసేది స్త్రీ. చలికాలంలో హీటరు తగిలి గృహిణి మృతి అనే నాలుగు వాక్యాల వార్త పత్రికల జిల్లా పేజీల్లో మనందరం చదివాం. పొలంలో స్టార్టరు దగ్గర రైతు చనిపోతే అది రైతు సమస్య అవుతుంది, ధర్నా జరుగుతుంది. స్నానాల గదిలో స్త్రీ చనిపోతే ‘ప్రమాదవశాత్తు’ అవుతుంది. ఆమె కూడా పని చేస్తూనే చనిపోయింది కదా?

చచ్చిపోతేనే విలువా?

ఈ విషయంలో కోర్టులు ప్రభుత్వాలకంటే కొంచెం ముందుకు వెళ్ళాయి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల కుటుంబాలకు నష్టపరిహారం ఎంత ఇవ్వాలనే ప్రశ్న వచ్చినప్పుడు, లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు 2001లో ఇల్లాలి సేవలకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో, జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ‘పని చేయనివాళ్ళ’ జాబితాలో వేయడాన్ని తప్పుబట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ నేను పైన చెప్పిన 2019 సర్వే అంకెలనే తన తీర్పులో ప్రస్తావించి, ఇంటిపనికి విలువ కట్టడమంటే ఆ శ్రమను గుర్తించడమేనని రాశారు.

ఇవి మంచి తీర్పులే. కానీ ఒక సంగతి గమనించండి. ఈ కేసులన్నిటిలోనూ ఆ స్త్రీ చనిపోయింది. చనిపోయాక ఆమె శ్రమకు నెలకింతని లెక్క వేస్తారు. బతికి ఉండగా గీజరు ఎప్పుడు మార్చాలో తేల్చేటప్పుడు మాత్రం ఆ లెక్క సున్నా.

పన్నుల్లోనూ ఇదే చూపు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టుబిళ్ళలకు, కుంకుమకు, గాజులకు పన్ను లేదు. వాటర్ హీటర్లకు, మిక్సీలకు, వాషింగ్ మెషీన్లకు, ఇస్త్రీపెట్టెలకు 28 శాతం, అంటే విలాస వస్తువులకు వేసే రేటు. శానిటరీ నాప్‌కిన్లకు 12 శాతం. నాప్‌కిన్లమీద పన్నుకు వ్యతిరేకంగా దేశమంతటా స్త్రీలు గొంతెత్తారు. 2018 జులై 27 నుంచి ఆ పన్ను పూర్తిగా పోయింది. అదే రోజు నుంచి వాటర్ హీటర్లు, మిక్సీలు 28 నుంచి 18 శాతానికి తగ్గాయి. మొదటి విజయం మనకు గుర్తుంది, రెండోది మనలో చాలామంది గమనించనే లేదు. స్త్రీ అలంకారానికి పన్ను లేదు, ఆమె శ్రమను తగ్గించే వస్తువు విలాసం! సోలార్ హీటరు విషయం కూడా అంతే. దానిమీద 5 శాతం ఉన్న పన్నును 2022 జులైలో 12 చేశారు, 2025 సెప్టెంబరులో తిరిగి 5కు తెచ్చారు. మిద్దె, పైన ట్యాంకు ఉన్న ఇళ్ళకు అది మంచిదే. రేకుల ఇల్లున్న స్త్రీకి మాత్రం అది అందే వస్తువు కాదు.

మార్చే ముందు తెలుసుకోవలసినవి

మా ఇంట్లో గీజరు బిగించడానికి మెకానిక్కు మొదటిసారి వచ్చినప్పుడు తమ్ముడు పొలంలో ఉన్నాడు. తలుపు తీసిన మరదలిని చూసి, “అక్కా, అన్న లేడా? అన్న ఉన్నప్పుడు వస్త” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రావడానికి ఆరు రోజులు పట్టింది. గీజరు వాడేది ఆమె, ఎక్కడ బిగించాలో తెలిసింది ఆమెకు, డబ్బు ఆ రోజు ఇంట్లోనే ఉంది. అయినా మాట్లాడదగిన మనిషి ఇంట్లో లేనట్టే. ఈ పరిస్థితి మారాలంటే మనకు కొంత సాంకేతిక జ్ఞానం కూడా ఉండాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు.

గీజరు వేడెక్కకపోతే ముందు చూడవలసినవి కాయిల్, థర్మోస్టాట్. ఈ రెండూ మార్చుకోవచ్చు, వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. దానికే కొత్తది కొనమని చెబితే నమ్మవద్దు. ట్యాంకే కారుతుంటే మాత్రం మరమ్మతు లేదు, మార్చాల్సిందే. ట్యాంకు త్వరగా తినేయకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులు అది అరుగుతుంది. బోరు నీళ్ళున్న మన ప్రాంతంలో ఏడాదికో, రెండేళ్ళకో దాన్ని చూపించి మార్పించాలి. మా ఇంట్లో ఏడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదు, అలాంటిదొకటుందని ఎవరికీ తెలియదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, స్టార్ లేబుల్ చూడండి. ట్యాంకుకు ఎన్నేళ్ళు, కాయిల్‌కు ఎన్నేళ్ళు వారంటీ అని విడివిడిగా అడగండి, రెండూ ఒకటి కావు. బిగించేటప్పుడు ఎర్తు ఉందా లేదా అని టెస్టర్‌తో చూపించమనండి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. గీజరు మీది ప్రెజరు వాల్వు మూయవద్దు, నీళ్ళు కారుతున్నాయని దానికి బిరడా కొట్టించవద్దు. ట్యాంకు నిండాకే స్విచ్ వేయండి. కరెంటు లీకైతే సరఫరాను క్షణంలో తెంపే ఆర్‌సీసీబీ అనే పరికరం దొరుకుతుంది, రెండు వేల రూపాయలకు అటూఇటూ అవుతుంది. గీజరున్నా, రాడ్డున్నా దాన్ని పెట్టించడం ప్రాణానికి మంచిది. రాడ్డు వాడక తప్పని ఇళ్ళలో ఇనుప బకెట్ వాడవద్దు, ప్లగ్గు పీకకుండా నీళ్ళలో చెయ్యి పెట్టవద్దు. గ్యాసు గీజరును గాలి ఆడని స్నానాల గదిలో పెట్టవద్దు, దాని విషవాయువుకు వాసన ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, బిల్లు వాడే స్త్రీ పేరు మీద తీసుకోండి. వస్తువు చెడిపోతే వినియోగదారుగా అడిగే హక్కుకు బిల్లే ఆధారం. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఏం అడగాలి?

గ్రామాల్లో పని చేసే మిత్రులు ఈ విషయాన్ని సంఘాల సమావేశాల్లో చర్చకు పెట్టాలని కోరుతున్నాను. నాకు తోచిన కొన్ని డిమాండ్లు ఇవి. ఉచిత కరెంటు ఇచ్చే ఇళ్ళకు ఎర్తింగు, ఆర్‌సీసీబీ కూడా ప్రభుత్వమే పెట్టించాలి. ఎర్తు లేని ఇంటికి ఉచిత కరెంటు ఇవ్వడం స్త్రీ ప్రాణాలతో చెలగాటమాడటమే. సంఘాల అప్పులు, స్త్రీనిధి అప్పులు తీసుకునేది స్త్రీలు, కట్టేది స్త్రీలు. బర్రెకూ, కుట్టుమిషనుకూ ఇచ్చినట్టే శ్రమ తగ్గించే వస్తువులకూ అప్పు ఇవ్వాలి. రోజుకు రెండు గంటలు మిగలడం ఆదాయం కాదని ఎవరన్నారు? ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్ పనుల్లో ఆడపిల్లలకు ఐటీఐల్లో శిక్షణ, ప్రోత్సాహం పెరగాలి. ‘అన్న లేడా’ అని అడగని మెకానిక్కు మనకు కావాలి. వాటర్ హీటర్లమీద పన్ను మరింత తగ్గాలి.

ఇవన్నీ ప్రభుత్వాన్ని అడగవలసినవి. ఇంట్లో అడగవలసింది ఒకటి ఉంది. యంత్రం బాగయ్యేదాకా ఆ పని ఎవరు చేస్తారు? వారంలో మూడు రోజులు మగవాళ్ళు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించి, తమ నీళ్ళు తామే తోడుకుంటే గీజరు 47 రోజులు ఆగదు, నాలుగు రోజుల్లో వస్తుంది. ఈ విషయంలో నాకు ఏ మాత్రం సందేహం లేదు.

కొత్త గీజరు బిల్లు మా తమ్ముడి పేరు మీదే వచ్చింది. నేను వెళ్ళేసరికే దుకాణంలో డబ్బు కట్టేశాడు. ఆ బిల్లు వెనక నేను రెండు అంకెలు రాశాను: మరదలి పని 3,200, అమ్మ బంబు 4,000. తమ్ముడు చదివాడు. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇవి కూడా కలుపుతరా?” అన్నాడు. కలుపుతాం అన్నాను. మీరు కూడా మీ ఇళ్ళలో, మీ సంఘాల్లో కలపడం మొదలుపెట్టండి. ఎంత వచ్చిందో అందరం ఒకచోట చేర్చి చూద్దాం.